వలందుల కుడితి తొట్లు

పిల్లలూ, బందరు పట్నంలో వలందపాలెం అని ఒక పేట వున్నది. ఆ పేరెలా వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? హాలండు దేశంవాళ్ళను మన పూర్వులు వలందులు అనేవారు. పదిహేడో శతాబ్దం మొదటి రోజులలోనే ఆ వలందులు ఓడలమీద బందరు రేవుకు వచ్చి, వర్తకశాల పెట్టుకుని, మన నేతగాళ్ళు నేసిన బట్టలూ, అద్దకపు గుడ్డలూ కొనుక్కుని పోయేవారు. భీమునిపట్నంలో వాళ్ళ సమాధులు నేటికీ వున్నవి.

మన బట్టలకోసం అంతదూరం వచ్చినవాళ్ళ దేశానికి ఈ నెల మనమూ పోయి వద్దాం. అది చాలా చిన్న దేశం. తెలంగాణలో సగంకూడా వుండదు. అందులోనూ నాలుగోవంతు నేల సముద్రమట్టానికి దిగువన వున్నది. గట్లు కట్టి, నీళ్ళు తోడి, ఆ నేలను కాపాడుకుంటారు. గాలిమరలూ, తులిప్ పూలతోటలూ చూపించే పుస్తకాలు మీకు ఎన్నో దొరుకుతాయి. నేను చూపించదలచింది వేరు. నేను మీకు చూపించబోయేవి కుడితి తొట్లు!

నవ్వకండి. పల్లెటూరి పిల్లలకు కుడితి అంటే చెప్పనక్కరలేదు. పట్నం పిల్లలకోసం చెబుతాను. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూరగాయల తొక్కులు, పాలగిన్నె తొలిచిన నీళ్ళు, ఇవేవీ పారబోయకుండా దొడ్లో వున్న తొట్టిలో పోస్తారు. కాస్త తవుడు కలిపి గేదె ముందు పెడితే అది ఆబగా తాగేస్తుంది. మర్నాటికి ఆ కుడితే పాలై చెంబులోకి వస్తుంది. గేదె లేని ఇంట్లోనో? అవే నీళ్ళు వీధికాలవలో పడి, నిలవవుండి, కంపుకొడతాయి. నీళ్ళు రెండిళ్ళలోనూ ఒకటే. ఒక ఇంట్లో వాటిని తినిపెట్టే ప్రాణి వున్నది, రెండో ఇంట్లో లేదు. తేడా అంతే.

మరి లక్ష ఇళ్ళ కుడితి ఒక్కచోటనే పుడితే ఏం చేయాలి? పాల ఫ్యాక్టరీలోనూ, చాక్లెట్ ఫ్యాక్టరీలోనూ ప్రతిరోజూ జరిగేది అదే.

ఒక లీటరు పాల లెక్క

పాల ఫ్యాక్టరీలో తొట్లనూ, గొట్టాలనూ రోజూ కడగాలి. లేకపోతే పాలు విరిగిపోతాయి. కడిగిన నీళ్ళలో కొంచెం పాలు, కొంచెం వెన్న, కొంచెం పాలచక్కెర కలిసి పోతాయి. అవేమీ విషాలు కావు. మనం తాగే పాలే గదా, ఏటిలో కలిస్తే చేపలకు మంచిదే గదా అని మీకు అనిపించవచ్చు. పలకా బలపమూ తీసుకోండి, లెక్క వేద్దాం.

ఏటి నీళ్ళలో గాలినుండి కరిగిన ప్రాణవాయువు కొంచెం వుంటుంది. చేపలు పీల్చేది దానినే. 25 డిగ్రీల వెచ్చదనంలో ఒక లీటరు మంచినీటిలో సుమారు 8 మిల్లీగ్రాముల ప్రాణవాయువు వుంటుంది. అంటే చిటికెడు వుప్పుకన్న ఎంతో తక్కువ.

ఇప్పుడు ఏటిలో పాలు పడినవనుకోండి. నీళ్ళలో వుండే బాక్టీరియాలకు అది పెళ్ళిభోజనం. బాక్టీరియాలంటే కంటికి కనిపించని సూక్ష్మజీవులు. అవి పాలు తింటూ, మనలాగే ప్రాణవాయువునుకూడా వాడుకుంటాయి. ఒక లీటరు పాలను పూర్తిగా తినివేయటానికి వాటికి సుమారు 100 గ్రాముల ప్రాణవాయువు కావాలి. 100 గ్రాములంటే లక్ష మిల్లీగ్రాములు. లక్షను 8 చేత భాగించండి. ఎంత వచ్చింది? 12,500.

అంటే ఒక్క లీటరు పాలు పన్నెండువేల అయిదువందల లీటర్ల ఏటినీటిలోని ప్రాణవాయువునంతా హరించగలవన్నమాట! గాలిలోనుండి మళ్ళీ కొంత కరుగుతూనే వుంటుంది. కాని పాలు రోజూ వచ్చి పడుతుంటే అది చాలదు. చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. తరవాత వెల్లకిలా తేలుతాయి. విషం లేకుండానే ఏరు చచ్చిపోతుంది.

అందుచేత ఫ్యాక్టరీ నీళ్ళను శుద్ధిచేయనిదే ఏటిలోకి వదలకూడదు. ఇందుకు ఒక మంచి పద్ధతి 1914లో ఇంగ్లండులోని మాంచెస్టరులో తేలింది. తొట్టిలో నీళ్ళు పోసి, అందులోకి గాలి వూదుతారు. ఏటిలో జరగవలసిన భోజనం తొట్టిలోనే జరిగిపోతుంది. బాక్టీరియాలు తిని, పెరిగి, బురదగా అడుక్కు దిగుతాయి. పైన తేరిన నీళ్ళు ఏటిలోకి పోతాయి. లోకమంతటా నేటికీ ఈ పద్ధతి వాడుకలో వున్నది.

ఏరు బ్రతికింది. కాని ఆ బురద మాటేమిటి? హాలండులో దానిని చాలావరకు ఎండబెట్టి కాల్చివేస్తారు. ఎండబెట్టటానికి ఖర్చు, కాల్చటానికి ఖర్చు. ఇంతా చేస్తే మిగిలేది బూడిద. ఈ బాక్టీరియాలు కుడితి తాగుతవి గాని పాలివ్వని గేదెలన్నమాట.

పాలిచ్చే బాక్టీరియాలను పెంచలేమా? ఈ ప్రశ్నను పట్టుకునే మనం మూడు వూళ్ళు తిరగబోతున్నాం.

మొదటి మజిలీ: డెల్ఫ్ట్

హేగ్, రాటర్‌డాం నగరాలకు మధ్య డెల్ఫ్ట్ అనే పాత పట్నం వున్నది. వీధుల మధ్య కాలువలు, కాలువలమీద ఇటుక వంతెనలు, ఒక ప్రక్కకు ఒరిగిన పాత చర్చి గోపురం. ఆ చర్చిలో ఒక బట్టల వర్తకుడి సమాధి వున్నది. ఆయన పేరు ఆంటనీ వాన్ లేవెన్‌హుక్. 1632లో ఈ వూళ్ళోనే పుట్టి, 1723లో ఈ వూళ్ళోనే చనిపోయాడు.

బట్టల వర్తకులు నేత పరీక్షించటానికి భూతద్దం వాడేవారు. పోగులు ఎంత దగ్గరగా వున్నవో చూసి ధర కట్టాలి గదా! లేవెన్‌హుక్‌కు ఆ అద్దం చాలలేదు. ఆయన చిన్న చిన్న గాజుముక్కలను తన చేతులతోనే సానబట్టి, ఎంతో శక్తిగల అద్దాలు చేసుకున్నాడు. వాటిలో మనకు మిగిలినదొకటి వస్తువును సుమారు 270 రెట్లు పెద్దదిగా చూపుతుంది.

ఆయనకొక సందేహం కలిగింది. మిరియానికి అంత కారం ఎక్కడిది? దానికి కంటికి కనిపించని ముళ్ళేమైనా వున్నవా? ఆ మిరియాలు తూర్పుదేశాలనుండి ఓడలలో వెళ్ళినవే. ఆయన వాటిని నీళ్ళలో నానవేసి, కొన్ని వారాలు వుంచి, 1676లో ఒక చుక్క తీసి అద్దంతో చూశాడు. ముళ్ళు కనిపించలేదు. ఆ చుక్కలో లెక్కలేనన్ని సూక్ష్మప్రాణులు ఈదుతూ కనిపించాయి! లండనులోని రాయల్ సొసైటీ పండితులకు ఆ సంగతి వ్రాస్తే వాళ్ళు మొదట నమ్మలేకపోయారు. మనుష్యులు బాక్టీరియాలను చూడటం అదే మొదలు. ఆలోచించి చూడండి, ఆ మిరియాల నీళ్ళుకూడా ఒక గ్లాసెడు కుడితే గదా!

రెండువందల ఏళ్ళ తరవాత ఇదే వూళ్ళో మార్టినస్ బైయెరింక్ అనే శాస్త్రజ్ఞుడు 1885 నుండి పదేళ్ళు ఈస్టు ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఆ తరవాత 1895లో ఇక్కడి విద్యాలయంలో ఆచార్యుడయ్యాడు. ఆయన చెప్పిన కిటుకు మన కథకు ప్రాణం. జాగ్రత్తగా వినండి.

ఒక చెంచా మట్టిలో వేలరకాల బాక్టీరియాలుంటాయి. వాటిలో మనకు కావలసినదాన్ని ఏరటం ఎట్లా? చిమటాతో పట్టుకోలేం. పిలిస్తే రాదు. అయితే మన రైతు వరిచేలో ఏం చేస్తాడు? నీళ్ళు నిలగడతాడు. ఆ నీళ్ళలో చాలారకాల కలుపు మొక్కలు వూపిరాడక చస్తాయి. వరి మాత్రం హాయిగా పెరుగుతుంది. అట్లాగే మనకు కావలసిన బాక్టీరియాకు ఏ తిండి, ఎంత గాలి, ఎంత వెచ్చదనం అనుకూలమో తెలుసుకుని, తొట్టిలో సరిగ్గా అవే అమర్చాలి. అప్పుడు దానికి పోటీవచ్చేవి వాటంతటవే వెనకబడతాయి. మీ అమ్మ పాలు గోరువెచ్చగా వున్నప్పుడే తోడువేస్తుంది. మరీ వేడిగా వుంటే పెరుగు తోడుకోదు. అదీ ఇదీ ఒకటే విద్య.

బాక్టీరియాను ఆజ్ఞాపించలేం. అది నిలిచే చోటును మాత్రం అమర్చగలం. ఈ మాట గుర్తుపెట్టుకుని రైలెక్కండి.

రెండవ మజిలీ: వేఖెల్

డెల్ఫ్ట్‌నుండి ఆగ్నేయ దిక్కుగా రైలులో డెన్ బాస్ అనే పట్నానికి పోయి, అక్కడనుండి బస్సులో పోతే వేఖెల్ వస్తుంది. ఓడలు నడిచే పెద్ద కాలువ ఒడ్డున వున్న ఊరది. పిల్లలకు చాలా ఇష్టమైన ఊరు కూడాను. ఎందుకంటే ప్రపంచంలోకెల్లా పెద్ద చాక్లెట్ ఫ్యాక్టరీలలో ఒకటి, మార్స్ వారిది, ఇక్కడే వున్నది.

చాక్లెట్ యంత్రాలు కడిగిన నీళ్ళలో చక్కెర పాకం, పాలు, కొవ్వు వుంటాయి. డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయంవారూ, ఒక నీటిశుద్ధి కంపెనీవారూ కలిసి ఈ ఫ్యాక్టరీ ఆవరణలో ఒక చిన్న ప్రయోగశాల పెట్టి, ఆ నీళ్ళతో ప్లాస్టిక్ తయారు చేయబూనుకున్నారు. కుడితితో ప్లాస్టిక్ ఏమిటంటారా?

కొన్నిరకాల బాక్టీరియాలు మన రైతులవంటివే. పంట ఎక్కువగా వచ్చినప్పుడు రైతు ధాన్యం గాదెలో పోసుకుంటాడు. కొన్ని చోట్ల జొన్నలు పాతరలో దాస్తారు. ఈ బాక్టీరియాలు తిండి దండిగా దొరికినప్పుడు దానిని ఒకరకం ప్లాస్టిక్ గింజలుగా మార్చి తమ ఒంట్లోనే దాచుకుంటాయి. కరువు వచ్చినప్పుడు ఆ గింజలను కరిగించుకుని బ్రతుకుతాయి. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసిన మారిస్ లెమ్వాన్ అనే ఆయన 1926లో ఈ పదార్థాన్ని కనిపెట్టాడు. మనుష్యులు పెట్రోలియంనుండి చేసే ప్లాస్టిక్ సంచులు ఏళ్ళతరబడి మట్టిలో పడివుంటాయి. ఇది అట్లా కాదు. బాక్టీరియాలు చేసిన సరుకు గనుక మట్టిలోని బాక్టీరియాలే దానిని మళ్ళీ తినివేయగలవు.

కాని తొట్టిలో దాచుకునేవీ వుంటాయి, దాచుకోనివీ వుంటాయి. దాచుకునేవాటినే ఎట్లా నిలపాలి? బైయెరింక్ కిటుకు ఇక్కడ పనికివచ్చింది. డెల్ఫ్ట్‌లో ఏం చేశారో వినండి. బాక్టీరియాలకు 12 గంటలకు ఒక్కసారి మాత్రమే తిండి పెట్టారు. పెట్టిన తిండి కొద్దిసేపటిలో అయిపోతుంది. మిగతా కాలమంతా కరువే. ప్రతి విడతకూ తొట్టిలో సగం తీసిపారేసి, మళ్ళీ కొత్తనీరు నింపారు. ఇప్పుడు ఎవరు నిలుస్తారు? తిండి కనబడగానే గబగబా గాదె నింపుకుని, కరువులోకూడా ఆ నిలవతో సంతానం పెంచుకునేవారే నిలుస్తారు. దాచుకోనివి కరువులో పెరగలేవు గనుక, తీసిపారేసే సగంలో కొంచెంకొంచెంగా కొట్టుకుపోతాయి. ఇట్లా విందూ కరువూ, విందూ కరువూగా నడిపేసరికి తొట్టినిండా దాచుకునే జాతే మిగిలింది.

ఆ జాతికి ప్లాస్టిసికుములాన్స్ ఆసిడివొరాన్స్ అని పేరు పెట్టారు. నోరు తిరగటం లేదా? పులుపు తిని ప్లాస్టిక్ కూడబెట్టేది అని అర్థం. దాని గాదె ఎంత పెద్దదంటే, ప్రయోగశాలలో ఎనిమిది గంటల లోపునే, నీరు తీసివేసిన దాని బరువులో నూటికి 89 వంతులు ప్లాస్టిక్కే అయింది! నూరు కిలోల మనిషి 89 కిలోల మూట నెత్తిన కాదు, కడుపులోనే మోస్తున్నట్లు.

పులుపు ఎక్కడినుండి వచ్చిందంటారా? చాక్లెట్ నీళ్ళను ముందు ఒక మూసిన తొట్టిలో పులియబెడతారు. రాత్రి అన్నంలో నీళ్ళు పోసి వుంచితే తెల్లవారేసరికి తరవాణి అయినట్లు, చక్కెరలు ఆమ్లాలుగా మారుతాయి. ఆ ఆమ్లాలే ఈ జీవులకు భోజనం.

చాక్లెట్ ఫ్యాక్టరీ నీళ్ళతో చేసిన ఈ ప్రయోగం ఫలితాలు 2014లో ప్రకటించారు. ప్రయోగశాలలో 89 వచ్చినది ఇక్కడ 70 వరకే వచ్చింది. ప్రయోగశాలలో ఒకే శుద్ధమైన తిండి పెడతారు. ఫ్యాక్టరీ నీళ్ళలో నానారకాలూ కలిసి వస్తాయి. వాటిని తినటానికి పనికిరాని జీవులూ చేరుతాయి. అయినా నూటికి 70 అంటే మంచి మార్కులే! పైగా ఈ తొట్లను మరగబెట్టి శుభ్రం చేయనక్కరలేదు. మూతలు బిగించి ఒక్క జాతినే కాపాడనక్కరలేదు. ఆకలే కాపలా కాస్తుంది.

మూడవ మజిలీ: జుట్ఫెన్

ఇక ఈశాన్యంగా పోదాం. జర్మనీలో పుట్టిన బెర్కెల్ అనే చిన్న ఏరు హాలండులో ప్రవేశించి, బోర్కులో, లోఖెమ్ అనే వూళ్ళమీదుగా పారి, జుట్ఫెన్ దగ్గర ఐసెల్ నదిలో కలుస్తుంది. జుట్ఫెన్ ప్రాకారాలున్న పాత పట్నం. ఇక్కడి పెద్ద చర్చిలో పదహారో శతాబ్దపు గ్రంథాలయం వున్నది. ఆ కాలంలో పుస్తకాలు ఎంత విలువైనవంటే, ఎవరూ ఎత్తుకుపోకుండా బల్లలకు ఇనుపగొలుసులతో కట్టివేశారు. ఇప్పుడుకూడా ఆ పుస్తకాలు గొలుసులతోనే వున్నవి.

మనం వచ్చిన పని వూరిబయట శుద్ధి కేంద్రంలో వున్నది. బోర్కులోలో పాల సరుకులు చేసే పెద్ద ఫ్యాక్టరీ వున్నది. చీజు చేయగా మిగిలిన విరుగుడు తేటనుండి అక్కడ పాలచక్కెర తీస్తారు. పది లీటర్ల పాలతో చీజు చేస్తే ఒక కిలో చీజూ, తొమ్మిది లీటర్ల తేటా వస్తాయి గనుక, ఆ తేటను వాడుకోవటమే మొదటి తెలివి. ఆ తరవాత మిగిలే కడుగునీళ్ళు జుట్ఫెన్‌లోని తొట్లకు వస్తాయి.

ఇక్కడి బాక్టీరియాలు మామూలు బురదలాగా వుండవు. ఆవగింజలవంటి గుండ్రని గింజలుగా కట్టుకుని వుంటాయి. ఎందుకట్లా కట్టుకున్నవి? ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చేస్తే మీకే తెలుస్తుంది. ఒక గాజుగ్లాసులో గుప్పెడు ఇసుకా, గుప్పెడు మెత్తని బంకమట్టీ వేసి, నీళ్ళు పోసి బాగా కలపండి. అయిదు అంకెలు లెక్కపెట్టి పై నీళ్ళు వంపివేయండి. మళ్ళీ నీళ్ళు పోయండి, కలపండి, అయిదు లెక్కపెట్టండి, వంపండి. ఇట్లా పదిసార్లు చేసేసరికి గ్లాసులో ఏం మిగిలింది? ఒక్క ఇసుకే! త్వరగా అడుక్కు దిగింది నిలిచింది. నెమ్మదిగా దిగేది కొట్టుకుపోయింది. మీ నాయనమ్మ చేటతో చెరిగితే గింజ నిలిచి పొట్టు పోవటంకూడా ఇదే.

డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయంలో ఆచార్య మార్క్ వాన్ లోస్‌డ్రెఖ్ట్ బృందం తొట్టిలో ఈ పనే చేయించింది. నీరు తేరటానికి కొద్ది నిమిషాలే వ్యవధి ఇస్తారు. గింజగా కట్టుకుని గభాలున దిగినవి తొట్టిలో వుండిపోతాయి. విడివిడిగా తేలేవి బయటికి పోతాయి. కొంతకాలానికి తొట్టి అంతా గింజలే అవుతుంది. వేరే తేర్చే తొట్లు అక్కరలేదు. స్థలం కలిసివస్తుంది. ఎపె అనే వూళ్ళో 2012లో ఒక పట్నపు మురుగంతా ఈ పద్ధతిన శుద్ధిచేయటం మొదలుపెట్టారు. నీటికి చేసిన సేవకుగాను ఆచార్య వాన్ లోస్‌డ్రెఖ్ట్‌కు 2018లో, మరొక ఆచార్యునితో కలిపి, స్టాక్‌హోం నీటి బహుమతి ఇచ్చారు.

అయితే గింజ కట్టుకోవాలంటే బాక్టీరియాలకు అంటుకునే జిగురు కావాలి గదా? సున్నివుండ కట్టాలంటే నెయ్యి వుండవలసినట్లు! అవి ఆ జిగురును తామే తయారు చేసుకుంటాయి. శాస్త్రజ్ఞుల చూపు ఆ జిగురుమీద పడింది. ఎట్లాగూ కాల్చివేసే బురదలోనుంచి దాన్ని తీస్తే?

తీశారు. గింజలను సోడాఉప్పువంటి క్షారంతో కలిపి సుమారు 80 డిగ్రీలదాకా వేడిచేస్తారు. జిగురు కరిగి నీటిలోకి వస్తుంది. గిరగిర తిప్పే యంత్రంతో గట్టి పదార్థాన్ని వేరుచేస్తారు. మిగిలిన ద్రవంలో ఆమ్లం పోస్తే, పాలలో నిమ్మరసం పిండినట్లు, జిగురు విరిగి ముద్దగా తేలుతుంది. ఇట్లా జిగురు తీసే మొట్టమొదటి కర్మాగారాన్ని 2019 అక్టోబరులో ఈ జుట్ఫెన్‌లో ప్రారంభించారు. జిగురుకు కౌమెరా అని పేరు పెట్టారు. న్యూజిలాండులోని మావోరీ భాషలో దానికి ఊసరవెల్లి అని అర్థం.

ఊసరవెల్లి ఏమిటంటే, అది ఒక్కచోట ఒక్కోరకంగా ప్రవర్తిస్తుంది. ఒకచోట నీటిని పీల్చి పట్టుకుంటుంది, ఇంకొకచోట నీటిని పోనీయదు. కొత్తగా వేసిన కాంక్రీటుమీద గోనెపట్టాలు కప్పి రోజూ నీళ్ళు చల్లటం మీరు చూసే వుంటారు. తడి ఆరిపోతే కాంక్రీటు బీటలువారుతుంది. ఈ జిగురు పూస్తే అది లోపలి తడిని ఆరనీయదు. పంటపొలాలలో మొక్కలకు బలమిచ్చే మందుగానూ, ఎరువు గింజలమీద పూతగానూ వాడి చూశారు. నిప్పుకు త్వరగా అంటుకోదుకూడాను.

బురదలో అయిదోవంతు నుండి మూడోవంతుదాకా ఇట్లా జిగురుగా బయటికి వస్తే, కాల్చవలసింది ఆమేరకు తగ్గిపోతుంది. దీని విలువ తెలియాలంటే హాలండు పద్ధతి ఒకటి మీకు చెప్పాలి. అక్కడ నీటి వ్యవహారాలన్నీ చూడటానికి జలమండళ్ళున్నవి. పదమూడో శతాబ్దంనాడే మొదలైనవి అవి. వాటి సభ్యులను ప్రజలు ఎన్నుకుంటారు, వాటికి పన్ను కడతారు. బురద కాల్చే ఖర్చు ఆ పన్నులోనుంచే పోతుంది. కాల్చేది తగ్గితే అది ప్రతి ఇంటి సొమ్మూ మిగిలినట్లే.

ఇంకా దాటవలసిన ఏరు

అయితే పని అంతా అయిపోయిందా? కాలేదు. మంచి మాట చెప్పేటప్పుడు కష్టంకూడా చెప్పాలి.

గేదె పాలిస్తే చాలదు, ఆ పాలు కొనేవాళ్ళు వుండాలి. వర్తకుడు రెండు ప్రశ్నలు వేస్తాడు. ధర ఎంత? ప్రతినెలా సరుకు ఒకేరకంగా వుంటుందా? పెట్రోలియం ప్లాస్టిక్ చవుక. బాక్టీరియా కడుపులోనుండి ప్లాస్టిక్ గింజలు బయటికి తీయాలంటే ఆ గోడలు పగలగొట్టాలి, కడగాలి, ఆరబెట్టాలి. దానికి ఖర్చుంది. కుడితికూడా ఏ రోజూ ఒకేరకంగా వుండదు. ఈవేళ ఫ్యాక్టరీలో పాకం ఎక్కువ కడిగితే రేపు పాలు ఎక్కువ కడుగుతారు. వచ్చే సరుకు మారుతూ వుంటే చేసే సరుకు మారకుండా చూడటం చాలా నేర్పుగల పని. ఇంజనీర్లు ఇప్పుడు తలలు బద్దలుకొట్టుకుంటున్నది వీటిమీదనే.

అందువల్ల ఏరును కాపాడటం మొదటి పని, సరుకు తీయటం రెండో పని. జిగురు అమ్ముడుపోలేదని శుద్ధి మానివేయటానికి వీల్లేదు. ఒక లీటరు పాలు, పన్నెండున్నర వేల లీటర్ల నీరు అనే లెక్క ధరవరలనుబట్టి మారదు.

ఇక మన సంగతి చూద్దాం. చిత్తూరు ప్రాంతంలో మామిడిరసం తీసే ఫ్యాక్టరీలున్నవి. కోస్తాలో రొయ్యలు శుభ్రంచేసే ఫ్యాక్టరీలున్నవి. పాల కేంద్రాలూ, పంచదార మిల్లులూ రెండు తెలుగు రాష్ట్రాలలోనూ వున్నవి. మామిడి కడుగు వేరు, రొయ్యల కడుగు వేరు, పాల కడుగు వేరు. దేనికి ఏ జీవి తగినదో, దానికి ఎప్పుడు విందు పెట్టాలో, ఎంతసేపు పస్తు పెట్టాలో ఎవరో ఒకరు కూర్చుని తేల్చాలి. చలిదేశంలో తొట్లు వెచ్చబెట్టుకోవటం ఒక బాధ. మనకు ఎండ వున్నది. తోడువేయటం, తరవాణి పెట్టటం, పిండి పులియబెట్టటం ఎరిగిన ఇళ్ళు మనవి.

ఈ సెలవులలో పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని ఒక పని చేయండి. మీ ఊరికి దగ్గరలో పాలకేంద్రమో, చెరకు మిల్లో, మిఠాయి కార్ఖానాయో ఏదో ఒకటి వుంటుంది. దానిలోనుండి వచ్చే కాలవను చూడండి. కాలవలోకి మాత్రం దిగవద్దు. నీళ్ళ రంగేమిటి, వాసనేమిటి, చివరికి ఏ చెరువులో, ఏ ఏటిలో కలుస్తున్నవో గట్టుమీదనుండే చూసి, మీ పుస్తకంలో వ్రాసుకోండి. కలిసేచోట చేపలున్నవా అని అక్కడి జాలరిని అడగండి. శుద్ధిచేసే తొట్టి వుంటే, బురద ఎక్కడికి పోతున్నదని అక్కడ పనిచేసే మేస్త్రీని మర్యాదగా అడగండి. వ్రాసుకున్నది మీ సైన్సు మాష్టారికి చూపించండి.